సెపాంగ్ మోటోజీపీ: తొలిసారి వెళ్లేవాళ్లకి సీటు, వాన, చెవులు

బైకు రేసుల్లో అన్నిటికంటే పెద్ద ప్రపంచ చాంపియన్‌షిప్ మోటోజీపీ. అది మన దేశంలో ఒక్కసారే జరిగింది, 2023 సెప్టెంబర్ 22 నుంచి 24 దాకా, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో. మరుసటి ఏడు రద్దయింది. థాయ్‌లాండ్‌లో బురిరామ్ ట్రాక్ ఉంది కానీ బ్యాంకాక్‌లో దిగాక ఇంకో నాలుగు వందల కిలోమీటర్లు పోవాలి. అందుకే తెలుగువాళ్లు ఎవరైనా "మొదటిసారి ఎక్కడికి వెళ్లమంటారు" అని అడిగితే మేం చెప్పేది మలేసియాలోని సెపాంగ్. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, ప్రయాణం సుమారు నాలుగు గంటలు. ట్రాక్ కౌలాలంపూర్ విమానాశ్రయానికి పక్కనే. భారతీయులకి 30 రోజుల వరకు వీసా అక్కర్లేని వెసులుబాటు 2026 డిసెంబర్ 31 దాకా ఉంది. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపుకోవాలి, అది ఉచితం. డబ్బులడిగే సైటు కనబడితే అది నకిలీ.

చూసే చోటుగా సెపాంగ్‌కి మా మార్కులు పదికి ఎనిమిది. ఒక మార్కు వానకి పోయింది, అది వాళ్ల చేతిలో లేదు. ఇంకోటి రేసయ్యాక బయటపడే తీరుకి పోయింది, అది మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది.

సీటు దగ్గరే సగం రేసు

తొలిసారి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే. స్టార్ట్ గీతకి ఎదురుగా, మెయిన్ గ్రాండ్‌స్టాండ్ నడిమధ్యన, ఖరీదైన సీటు కొనేస్తారు. క్రికెట్‌కి పెవిలియన్ ఎండ్ లాంటిదనుకుంటారు. కాదు. అక్కడున్నది 920 మీటర్ల తిన్నటి దారి, దాన్నే మెయిన్ స్ట్రెయిట్ అంటారు. చివరికొచ్చేసరికి బండి 320 కిలోమీటర్ల వేగం దాటి ఉంటుంది, అంటే సెకనుకి దాదాపు 89 మీటర్లు. మీ కళ్ల ముందున్న వంద మీటర్లని అది సెకను కాస్త దాటేలోపే మింగేస్తుంది. ఒక ల్యాపుకి, అంటే ట్రాక్ ఒక చుట్టుకి, ఇంచుమించు రెండు నిమిషాలు. ఒక చప్పుడు, ఒక రంగు గీత, ఆపైన మళ్లీ రెండు నిమిషాల ఎదురుచూపు. రేసుకి ముందు బళ్లు బారులు తీరే గ్రిడ్, టీముల గ్యారేజీల ముందుండే పిట్ లేన్, గెలిచినవాళ్లు ఎక్కే పోడియం కనబడతాయి, నిజమే. కానీ మోటోజీపీలో కార్ల రేసుల్లోలా పెట్రోలు, టైర్ల కోసం పిట్‌లోకి రావడం అంటూ ఉండదు. వాన పడి బండి మార్చుకుంటే తప్ప పిట్ లేన్‌లో చూడటానికి పెద్దగా ఏమీ లేదు.

బైకు రేసు చూడాల్సింది బ్రేకు వేసే చోట. ఓవర్‌టేకులు అక్కడే జరుగుతాయి, పడేవాళ్లు అక్కడే పడతారు, రైడర్ కాలు గాల్లోకి వేలాడేసి వెనక చక్రం అటూ ఇటూ ఊగుతుంటే బండిని ఎలా ఒడిసిపడతాడో కంటికి ఆనేది అక్కడే. సెపాంగ్ ట్రాక్ 5.543 కిలోమీటర్లు, 15 మలుపులు, పది కుడికి, ఐదు ఎడమకి. హెర్మన్ టిల్కే గీసిన ఈ ట్రాక్ 1999 నుంచి వాడుకలో ఉంది. దీని ప్రత్యేకత ఏమిటంటే రెండు పొడుగాటి స్ట్రెయిట్లు పక్కపక్కనే ఎదురెదురు దిశల్లో పోతాయి. ఆ రెంటి మధ్యన గ్రాండ్‌స్టాండ్, పైన ఆకుల్లా పరిచిన తెల్లటి కప్పు. ఆ రెండు స్ట్రెయిట్లనీ కలిపేది 15వ మలుపు, ఎడమకి, తలపిన్నులా వెనక్కి తిరిగే హెయిర్‌పిన్.

అందుకని మెయిన్ గ్రాండ్‌స్టాండే కొనాలనుకుంటే నడిమధ్యది వదిలేసి 15వ మలుపు వైపు చివర తీసుకోండి. బళ్లు వెనక స్ట్రెయిట్ మీద ఒకదాని గాలి చాటున ఒకటి దూసుకురావడం, బ్రేకుల మీద ఎవరు ముందు భయపడ్డారో తేలిపోవడం, మలుపు తిరిగి మెయిన్ స్ట్రెయిట్‌లోకి గ్యాస్ తెరవడం, ఈ మూడూ ఒకే సీట్లోంచి కనబడతాయి. చివరి ల్యాపు చివరి అవకాశం కూడా ఆ మలుపే. 2012లో చిన్న బళ్ల క్లాసైన మోటో3లో పోల్ (గ్రిడ్‌లో మొదటి స్థానం) కొట్టిన మలేసియా కుర్రాడు జుల్‌ఫాహ్మి ఖైరుద్దీన్ సొంత గడ్డ మీద గెలుపుకి అంత దగ్గరగా వచ్చి, చివరి ల్యాపులో సాండ్రో కోర్టెసె చేతిలో ఓడి రెండోవాడయ్యాడు.

మా మొదటి ఓటు మాత్రం కె1 అనే స్టాండ్‌కి. ఇది మొదటి మలుపు దగ్గర ఉంటుంది. మెయిన్ స్ట్రెయిట్ చివర బళ్లు 320 నుంచి 80 దరిదాపులకి పడిపోవడానికి ఐదారు సెకన్లు, 250 మీటర్ల పైచిలుకు తీసుకుంటాయి. ఆ వెంటనే కుడి, ఎడమ, మళ్లీ పొడుగాటి కుడి. లోపలి గీత పట్టినవాడు రెండో మలుపులో బయటికి పోవాల్సి వస్తుంది, బయట ఉన్నవాడికి అక్కడ లోపలి గీత దొరుకుతుంది. ఒకే జంట పది సెకన్లలో రెండుసార్లు స్థానాలు మార్చుకోవడం ఇక్కడ మామూలే. మొదటి ల్యాపులో ఇరవైకి పైగా బళ్లు ఈ గరాటులోకి ఒకేసారి దూరతాయి. 2024లో రెండో మలుపు దగ్గర మిల్లర్, బైండర్, క్వార్టరారో ముగ్గురూ పడి ఎర్ర జెండాతో రేసు ఆగింది, రేసు 19 ల్యాపులకి మళ్లీ మొదలైంది. 2018లో నాలుగు ల్యాపులే మిగిలుండగా ముందున్న రోస్సీ మొదటి మలుపులోనే జారిపోయాడు. ఆ గెలుపు మార్క్ మార్కెజ్‌కి దక్కింది.

ఖర్చు తగ్గాలంటే హిల్‌స్టాండ్, అంటే గడ్డి గట్టు. సీటు నంబరు ఉండదు, ముందొచ్చినవాడిదే చోటు, టికెట్టు గ్రాండ్‌స్టాండ్‌తో పోలిస్తే చాలా చవక. ఎత్తు మీంచి రెండు మూడు మలుపులు కలిపి కనబడే చోట్లు ఉంటాయి కాబట్టి చూపు విషయంలో గట్టు ఏమీ తక్కువది కాదు. నెమ్మదైన మలుపు చుట్టూ ఉన్న గట్టు దొరికితే ల్యాపుకి పదిహేను, ఇరవై సెకన్లు బళ్లు కళ్ల ముందే ఉంటాయి. మెయిన్ స్ట్రెయిట్ సీటుతో పోల్చి లెక్కేసుకోండి. ఇబ్బందులు మూడు: పైకప్పు ఉంటుందన్న భరోసా లేదు, వాన పడితే గడ్డి కింద మట్టి సబ్బులా జారుతుంది, పెద్ద స్క్రీన్ కనబడే చోటు ముందే నిండిపోతుంది. స్క్రీన్ కనబడని గట్టు మీద కూర్చుంటే ఆరో ల్యాపుకల్లా ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారో తెలీక బుర్ర గోక్కోవాల్సిందే. టికెట్ కొనేముందు సర్క్యూట్ మ్యాపులో ఆ స్టాండ్ ఏ మలుపుని చూస్తుందో, స్క్రీన్ ఎటు ఉందో రెండూ చూసుకోండి. స్టాండ్ల పేర్లు, అమ్మే విభాగాలు ఏడాదికేడాది మారుతుంటాయి. పాత వీడియోలని నమ్మొద్దు.

మూడు రోజుల్లో ఏ రోజు ఏముంటుంది

శుక్రవారం ప్రాక్టీసు. చాలామంది మానేస్తారు, మా లెక్కలో అది తప్పు. జనం పలచగా ఉంటారు, టికెట్ ఒప్పుకున్నంత మేర తిరిగి ఏ చోటు బాగుందో తేల్చుకోవచ్చు. 45 నిమిషాల మొదటి సెషన్, మధ్యాహ్నం గంటసేపు ప్రాక్టీసు. ఆ గంటలో మొదటి పదిమందికే నేరుగా, గ్రిడ్‌లో ముందు వరసలు తేల్చే రెండో క్వాలిఫయింగ్‌లో చోటు, కాబట్టి చివరి పది నిమిషాలు రేసుకి తీసిపోవు.

శనివారం ఉదయం పదిహేనేసి నిమిషాల రెండు క్వాలిఫయింగులు, మధ్యాహ్నం మూడింటికి స్ప్రింట్. 2023లో వచ్చిన పద్ధతి ఇది. దూరం ఆదివారం రేసులో సగం, సెపాంగ్‌లో పది ల్యాపులు. గెలిచినవాడికి 12 పాయింట్లు, అసలు రేసులో అయితే 25. టైరు దాచుకునే పని లేదు కాబట్టి మొదటి ల్యాపు నుంచే కుమ్మేస్తారు. ఒక్క రోజుకే డబ్బుంటే ఆదివారం, రెండు రోజులకుంటే శని, ఆది.

ఆదివారం సాధారణంగా మోటో3 పన్నెండింటికి, మధ్య క్లాసు మోటో2 ఒకటింబావుకి, మోటోజీపీ మూడింటికి. ఇవి అక్కడి గంటలు, మన గడియారం రెండున్నర గంటలు వెనక. ఇంకో సంగతి: అక్టోబర్ చివర్లో అక్కడ సూర్యుడు నడినెత్తికొచ్చేది ఒంటిగంటకి. అంటే వాళ్ల మూడు గంటల ఎండ మన హైదరాబాద్‌లో రెండు గంటల ఎండతో సమానం. "మూడింటికి కదా, చల్లబడుతుంది" అనుకుని టోపీ లేకుండా వెళ్లేవాళ్లు మోటో2 అయ్యేసరికే నీడ వెతుక్కుంటారు.

మోటో3ని తినడానికి వెళ్లే టైమ్‌గా వాడుకోవద్దు. మూడు క్లాసుల్లో కళ్లెదుట కుమ్ములాట ఎక్కువగా దొరికేది అక్కడే. 250 సీసీ సింగిల్ సిలిండర్ బళ్లకి సొంత బలం తక్కువ, ముందువాడి గాలి చాటు దొరికితే లాభం ఎక్కువ. రెండు పొడుగాటి స్ట్రెయిట్లున్న సెపాంగ్‌లో పదిమంది గుంపుగా వచ్చి ముగ్గురు నలుగురు పక్కపక్కన మొదటి మలుపులోకి దిగుతారు. మోటో2లో బరిలో ఉన్నవాళ్లందరికీ ఒకటే ఇంజిన్, ట్రయంఫ్ 765 సీసీ మూడు సిలిండర్లది. ఒకే గొంతుతో కోరస్‌లా వినబడుతుంది. తిండికి పోవాలంటే ఆ రేసు నడుమ పోండి.

రేసుని పోల్చుకోవడం

టీవీలో కామెంటేటర్ పని ఇక్కడ మీరే చేసుకోవాలి. స్పీకర్ల మాట ఇంజిన్ల కింద నలిగిపోతుంది, పైగా ఇంగ్లీషు, మలయ్ కలగలుపు. లక్షమంది ఒకేచోట చేరినట్టుండే సమయంలో మొబైల్ డేటా పాకుతుంది. ఫోన్లో లైవ్ పెట్టుకున్నా అది అర నిమిషం వెనకే ఉంటుంది, పోయిన ఓవర్‌టేకుని మళ్లీ చూసినట్టవుతుంది. ముందు రాత్రే ఒక కాగితం మీద గ్రిడ్ వరస, నంబర్లు, హెల్మెట్ రంగులు రాసుకోండి. 93 మార్క్ మార్కెజ్, 73 తమ్ముడు అలెక్స్, 63 బన్యాయా, 20 క్వార్టరారో, 37 అకోస్టా, 72 బెజెక్కి. ఆరు నంబర్లు నోటికొస్తే మొదటి రేసుకి సరిపోతుంది. అందరినీ పట్టుకోవాలని చూడకుండా ముందున్న గుంపు, మీకు నచ్చిన ఒక్కడు, ఈ రెంటి మధ్య దూరాన్ని ఒక స్తంభం దగ్గర సెకన్లలో లెక్కపెట్టండి. ల్యాపు ల్యాపుకి ఆ అంకె తగ్గుతోందా పెరుగుతోందా అన్నదే రేసు కథ.

జెండాల్లో ముఖ్యమైనవి నాలుగు. పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఓవర్‌టేక్ చెయ్యకూడదు. ఎరుపంటే సెషన్ ఆగింది. పసుపు, ఎర్ర చారలంటే ట్రాక్ జారుతోంది. తెల్ల జెండా ఊపితే బండి మార్చుకోవచ్చని అర్థం. ఇది వచ్చిందంటే పిట్ వైపు చూడండి.

ఎర్ర జెండా వస్తే లేచి వెళ్లిపోవద్దు. అంబులెన్సు పని, ట్రాక్ శుభ్రం, మళ్లీ గ్రిడ్, అంతా అయ్యేసరికి చాలాసేపు పట్టొచ్చు, కానీ ఎక్కువసార్లు మళ్లీ మొదలవుతుంది. మొదలుకాని రోజూ ఒకటుంది. 2011 అక్టోబర్ 23న రెండో ల్యాపులో 11వ మలుపు దగ్గర మార్కో సిమోన్చెల్లి ప్రాణం పోయింది, ఆ రేసు రద్దయింది.

చెవులు

వీడియోలో విన్నదానికీ, అక్కడ వినేదానికీ పోలికే లేదు. వెయ్యి సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్, సైలెన్సర్ అన్న మాట లేదు. ఇరవై బళ్లు ఒకేసారి లేస్తే పక్కటెముకల్లో అదురుతుంది. మొదటి ఐదు నిమిషాలు బాగానే ఉంటుంది, సాయంత్రానికి చెవుల్లో గీపెట్టడం మొదలవుతుంది.

ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ మెడికల్ షాపులో, హార్డ్‌వేర్ షాపులో పదుల రూపాయలకే దొరుకుతాయి. ఇక్కడే కొనుక్కుని మనిషికి నాలుగు జతలు తీసుకెళ్లండి. పెట్టుకోవడంలోనే చాలామంది తప్పు చేస్తారు. వేళ్ల మధ్య సన్నటి పుల్లలా నలిపి, రెండో చేతిని తల వెనకనుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, ఫోమ్ ఉబ్బేదాకా ఇరవై ముప్పై సెకన్లు వేలితో అదిమి పట్టుకోవాలి. బయటికి సగం కనబడుతుంటే అది పని చెయ్యనట్టే. చేతులు మురికిగా ఉంటే ముందు కడుక్కోండి. పిల్లల చెవులకి ఫోమ్ సరిగా పట్టదు, వాళ్లకి తలమీదుగా పెట్టే ఇయర్‌మఫ్స్ కావాలి. పాటలు వినే ఇయర్‌బడ్స్ దీనికి బదులు కావు. ఏడాది లోపు పసివాళ్లని అసలు తీసుకెళ్లొద్దు అన్నది మా మాట.

ప్లగ్స్ పెట్టుకున్నా ఇంజిన్ల తేడా తెలుస్తుంది. 2023 నుంచి 2025 దాకా యమహా ఒక్కటే ఇన్‌లైన్ ఫోర్ (నాలుగు సిలిండర్లు ఒకే వరసలో), మిగిలినవన్నీ వీ4 (రెండేసి సిలిండర్లు V ఆకారంలో). డుకాటి గొంతు బొంగురుగా ఉరుముతుంటే యమహాది కాస్త నునుపుగా సాగేది. గ్యాస్ మూసి బ్రేకు పట్టినప్పుడు పొగగొట్టంలోంచి వచ్చే పటపటలు మాత్రం ఏ టీవీ స్పీకరూ ఇవ్వలేదు.

వాన

సెపాంగ్ రేసు ఎక్కువగా అక్టోబర్ చివర్లోనో నవంబర్ మొదట్లోనో పడుతుంది. అక్కడ రుతుపవనం మారే కాలమది. పొద్దున్న ఎండ కాల్చేస్తుంది, ఆ ఉక్కకి మధ్యాహ్నం మబ్బు లేస్తుంది, రెండు నుంచి ఐదు మధ్యలో కుండపోత. సరిగ్గా రేసు టైమే. 2012లో వాన ముదిరి రేసుని మధ్యలోనే ఆపేసి పెడ్రోసాని విజేతగా ప్రకటించారు. 2016లో మొదలవ్వడమే ఆలస్యమై 19 ల్యాపులకి కుదించారు. 2017లో తడి ట్రాకే. ఆ రెండేళ్లూ గెలిచింది డొవిజియోసో.

వాన పడితే మోటోజీపీ క్లాసులో రేసు ఆగకుండానే రైడర్లు పిట్‌లోకి వచ్చి తడి టైర్లున్న రెండో బండెక్కి పోతారు. మోటో3, మోటో2 లకి రెండో బండి ఉండదు, అక్కడ రేసు ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. రబ్బరు పోగుపడిన గీత తడిలో జారుడు, కాబట్టి కొన్నిసార్లు పొడి రోజున వెళ్లే దారి వదిలి బయటగా తిరుగుతారు. ఇది గట్టు మీంచి చక్కగా కనబడుతుంది. చిన్న వానకే మొదలుపెట్టడం లేదేంటని విసుక్కోకండి. మెడికల్ హెలికాప్టర్ ఎగరలేని వాతావరణమైతే బళ్లని వదలరు.

మీకు కావాల్సింది రెయిన్‌కోటు, గొడుగు కాదు. గొడుగు తెరిస్తే వెనకున్న నలుగురికి రేసు పోతుంది, తిట్లు మలయ్‌లో వచ్చినా అర్థమైపోతాయి. మెడ నుంచి మోకాలి దాకా వచ్చే పోంచో మేలు, బ్యాగుతో సహా కప్పుకోవచ్చు. ఫోన్‌కి, పాస్‌పోర్టుకి జిప్ కవర్లు. చెప్పులు వద్దు, అడుగున పట్టున్న బూట్లు. గట్టు మీదైతే కూర్చోవడానికి ప్లాస్టిక్ పట్టా. ఒక జత పొడి సాక్సు, ఒక టీషర్టు వేరే కవర్లో పెట్టుకుంటే తిరుగు ప్రయాణంలో మీ తెలివికి మీరే మురిసిపోతారు.

తిండి, నీళ్లు, డబ్బు

బయటి తిండి లోపలికి రానివ్వకపోవచ్చు, నీళ్ల సీసా నిబంధన టికెట్ మీద చదువుకోండి. లోపల నాసి లెమాక్ (కొబ్బరిపాల అన్నం), సాతే (పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం), బర్గర్లు. శాకాహారులకి లోపల ఎంపిక తక్కువ, పొద్దున్న పొట్ట నిండా తినే రావాలి. కౌలాలంపూర్‌లో కెఎల్ సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్‌లో బస చేస్తే ఈ బెంగ తీరుతుంది. పొద్దున్నే ఇడ్లీ, రాత్రి అరిటాకు భోజనం నడిచెళ్లే దూరంలో. చెమటకి నీళ్లొక్కటే చాలవు, మన ఓఆర్ఎస్ పొట్లాలు మనిషికి రోజుకి రెండు పెట్టుకోండి. చిన్న నోట్లతో కొంత రింగిట్ నగదు, పనిచేసే కార్డు ఒకటి, రెండూ ఉండాలి. పవర్‌బ్యాంకు తప్పనిసరి.

ఫోటోల గురించి ఒక్క మాట. ఫోన్‌తో స్ట్రెయిట్ మీద తీస్తే ఖాళీ రోడ్డే వస్తుంది. కెమెరా ఉంటే నెమ్మదైన మలుపు దగ్గర, షట్టర్ 1/125 నుంచి 1/250 మధ్య పెట్టి బండితో పాటు నడుముని తిప్పుతూ తీయండి. పదిలో ఒకటి కుదురుతుంది, అది మంచి లెక్కే.

ఇంత ఖర్చు పెట్టే ముందు అసలు ఇది మనకి పడే ఆటో కాదో చూసుకోవాలనుకుంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. నెల్లూరు, తిరుపతి వాళ్లకి పొద్దున్న బయల్దేరితే అందే దూరం. 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు, జాతీయ బైకు రేసింగ్ రౌండ్లు జరుగుతాయి. 165 సీసీ బళ్ల చప్పుడు సెపాంగ్‌కి సాటిరాదు. కానీ బ్రేకింగ్, గీతలు, గాలి చాటు, జెండాలు అన్నీ అవే పాఠాలు, అక్కడ నేర్చుకుంటే సెపాంగ్‌లో మొదటి రోజు వృథా పోదు.

రావడం సులువు, పోవడమే

వెళ్లేటప్పుడు కెఎల్ సెంట్రల్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైల్లో 28 నిమిషాల్లో విమానాశ్రయం, టికెట్ 55 రింగిట్లు. అక్కడినుంచి కారో, ఆ ఏడాది నడిపితే షటిల్ బస్సో. ముగ్గురు నలుగురున్నవాళ్లకి నగరం నుంచే గ్రాబ్ (అక్కడి ట్యాక్సీ యాప్) కారు గిట్టుబాటు. ఆదివారం పదింటికల్లా గేటు దాటితే తొక్కిసలాట లేదు.

అసలు బాధ సాయంత్రం నాలుగుంబావు నుంచి. వేలకొద్దీ కార్లు, అంతకు మించి చిన్న బైకులు ఒకేసారి అవే రోడ్ల మీద పడతాయి. గ్రాబ్ బుక్ చేస్తే రేటు మండిపోతుంది, ఒప్పుకున్న డ్రైవరు జామ్ చూసి క్యాన్సిల్ చేస్తాడు, ఈలోపు ఫోన్ చార్జి అయిపోతుంది. రేసవగానే పరుగెత్తకండి. పోడియం చూసి, అక్కడే ఓ గంట, గంటన్నర కూర్చోండి. షటిల్ ఉంటే రానూపోనూ టికెట్ ముందే కొనుక్కుని ఆఖరి బస్సు ఎన్నింటికో పొద్దున్నే అడిగి రాసుకోండి. కారు కావాలంటే ప్రధాన గేటు దగ్గర కాకుండా కాస్త నడిచి జామ్ దాటిన చోట పికప్ పెట్టండి. ఆదివారం రాత్రి విమానం మాత్రం బుక్ చేసుకోవద్దు. ట్రాక్ నుంచి టెర్మినల్ దగ్గరే కదా అని ఎనిమిదింటి ఫ్లైటు పెట్టుకుంటే, వాన పడి రేసు ఆలస్యమైన రోజున గట్టు మీంచి ఆఖరి ఐదు ల్యాపులు చూడకుండానే లేవాలి.